ఎర్రగీతకు ఇవతలి బెంచీ

నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉంది. ఇలా అనుకోవడానికి సిగ్గేస్తోంది కూడా, లోపల అన్న బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, వీపు తెరిచి ఉంది, నేనేమో ఈ స్టీలు బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని పేరంటానికి వచ్చినదానిలా కూర్చున్నాను, అయినా హాయిగానే ఉంది, ఎందుకంటే కత్తి నా చేతిలో లేదు, ఉండే వీల్లేదు, వీల్లేదని రాసిందే నేను. వెన్నెముక సర్జన్ తన రక్తసంబంధీకులకు ఆపరేషన్ చెయ్యకూడదు, పక్కన నిలబడకూడదు, థియేటర్ గుమ్మంలో నేల మీద గీసిన ఎర్రగీత దాటకూడదు. మా సర్జన్ల సంఘంలో ఈ రూలు కోసం నేను పడ్డ కొట్లాట ఇంతా అంతా కాదు. మా అమ్మకు నేను చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారమ్మా అని నెత్తి నెరిసిన సర్జన్లు మీటింగులో గుండెలు బాదుకున్నారు. చెయ్యి వణకదా సార్ అంటే వణకదు అన్నారు. వణకకపోవడమే నాకు భయం అన్నాను. అందరూ నవ్వారు, రూలు పాసైంది, నవ్వించిన పాపానికి నన్ను ఆ కమిటీకి పెద్దను చేశారు, ఆ పెద్దరికమే పెరిగి పెరిగి ఈ ఆదివారం సంఘం అధ్యక్షురాలి కుర్చీ దాకా వచ్చింది. ఆ కుర్చీ కంటే ముందు ఈ బెంచీ రాసిపెట్టి ఉందన్నమాట.

ఈ బెంచీని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇటునుంచి చూడలేదు నేను. తలుపు తోసుకుని రావడం, మాస్కు కిందికి లాగడం, లేచి నిలబడ్డవాళ్ళకు బాగా జరిగింది అని చెప్పడం, వాళ్ళు దండం పెట్టేలోగా లిఫ్టు వైపు నడవడం, అంతే నాకు తెలిసింది. కూర్చుంటే తెలుస్తోంది, మధ్య సీటు ఊగుతుంది, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు, ఏసీ గాలి నేరుగా మెడ మీద పడుతుంది, మెడనొప్పుల గురించి దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చే మనిషి సంతకం పెట్టి తెప్పించిన బెంచీ ఇది. కిటికీలోంచి ఫ్లైఓవర్ మీద చీరల పార్సిళ్ళ టెంపోలు సలాబత్‌పురా బట్టల బజారు వైపు పోతున్నాయి, మూటల మీద ఒకాయన నడుము వంకర పెట్టి నిద్రపోతున్నాడు, అలా పడుకోకు నాయనా అనుకున్నాను, నా అలవాటు అది, పెళ్ళికి పోయినా పెళ్ళికొడుకు భుజాలు సమంగా ఉన్నాయా లేదా అని చూస్తాను. అన్న విషయంలో మాత్రం నడుము చూడలేదు, చెప్పు చూశాను. పోయిన నెల మా ఇంటికొచ్చి, టీ తాగి, వెళ్ళొస్తనని సందు చివరిదాకా నడిచి వెళ్ళాడు, గేటు వేద్దామని పోతే ఎడమకాలి చెప్పు అక్కడే పడి ఉంది. అన్న ఒంటి చెప్పుతో పోతున్నాడు, పోతున్నట్టు ఆయనకు తెలియదు. కాలినుంచి చెప్పు జారిపోయినా తెలియకపోతే దాని అర్థమేమిటో నాకు వేరే చెప్పాలా. ఛాతీ వెనక వెన్నుపూసను టీబీ తినేసింది, ఎముక కూలి, లోపలి నరాల కట్టను నొక్కుతోంది, నిలబెట్టి స్క్రూలతో బిగించకపోతే కొన్నాళ్ళకు రెండు కాళ్ళూ పోతాయి, బిగించేటప్పుడు ఏదైనా అటూ ఇటూ అయితే ఈ పూటే పోతాయి.

"ఏంది అనూ, నువ్వు లోపలికి పోవా?" అని అడిగింది బాలవ్వ వదినె. అడిగిందంటే కారిడార్ ఆ చివర వీల్‌చైర్‌లో ఉన్నాయన కూడా తల తిప్పి చూశాడు.

"పోవద్దు వదినె."

"పెద్ద డాక్టర్‌వు గదా. ఐతారం నాడు అందరికన్న పెద్ద అయితున్నవంట గదా."

"అందుకే పోవద్దు."

"గిదేం పెద్దతనం," అని వదినె కొంగు సర్దుకుని గోడ వైపు తిరిగింది. ఆమెకు జవాబు చెప్పడానికి ఏ కమిటీ సరిపోదు.

మా వదినె మెల్లగా మాట్లాడటం నేను ఈ జన్మలో వినలేదు. మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. ప్రేమైనా అరుపే, అలకైనా అరుపే, చావు ఇంట్లో ఓదార్చినా వీధి చివరికి వినిపించాల్సిందే. మెడికల్ కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి వారం నా రూమ్మేటు ఏడుపు మొహంతో నామీద నీకెందుకంత కోపం అని అడిగింది, నేను ఉప్పు అందుకోమన్నానంతే. మెల్లగా మాట్లాడటం నేను అనాటమీతో పాటు నేర్చుకున్నాను, ఇప్పుడు నా గొంతు వింటే ఎవరూ మగ్గాలవాళ్ళ పిల్ల అనుకోరు, ఇంటికి పోతే మాత్రం గడప దాటగానే గొంతు దానంతటదే లేస్తుంది. మెట్‌పల్లి నుంచి అన్న రాష్ట్రం దాటి ఈ ఊరొచ్చినప్పుడు మీసం కూడా సరిగా రాలేదట, ఖటోదరాలో పవర్‌లూమ్ షెడ్డులో చేరాడు, ఆ తర్వాత అమ్మా నేనూ వచ్చాం. స్కూలు నుంచి వస్తూ టిఫిన్ డబ్బా ఇవ్వడం నా పని. షెడ్డులోకి అడుగు పెడితే మగ్గాల మోత పళ్ళలోకి ఎక్కేది, నోరు తెరిచి ఎంత అరిచినా నాకే వినపడేది కాదు. లోపల మనుషులు నోటితో మాట్లాడుకునేవాళ్ళు కాదు, పెదాలు చూసుకునేవాళ్ళు, లేకపోతే చేత్తో తట్టుకునేవాళ్ళు. రెండు తట్లంటే ఇటు చూడు. మూడు తట్లంటే విన్న, నువ్వు పో, నీ పని చూసుకో. నేను అన్న వీపు మీద రెండు తట్టేదాన్ని, ఆయన పోగు ముడేస్తూనే వెనక్కి తిరక్కుండా ఎడంచేత్తో నా నెత్తి మీద మూడు తట్టేవాడు, డబ్బా అక్కడ పెట్టి వచ్చేసేదాన్ని. చదువుకునే రోజుల్లో కూడా అంతే, ఫీజు కట్టాలి అన్నా అంటే మూడు తట్లు, అన్నా నాకు ర్యాంకొచ్చింది అంటే మూడు తట్లు. నాకు డిగ్రీ ఇచ్చిన రోజున ఆడిటోరియంలో చివరి వరసలో కూర్చున్నాడు, దిగి వెళ్ళి కాళ్ళకు మొక్కితే నెత్తి మీద మూడుసార్లు తట్టి షిఫ్టుకు టైమైందని వెళ్ళిపోయాడు. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు ఆ మనిషి వీపే తెరిచి ఉంది లోపల.

తెరిచింది నీరజ. ఈ ఊళ్ళోనే లింబాయత్‌లో పెరిగిన తెలుగు పిల్ల, నా దగ్గరే నేర్చుకుంది. మొదటిసారి వెన్నుపూసకు రంధ్రం వేసినప్పుడు దాని చేతి మీద నా చెయ్యి ఉంది, ఎముక గట్టిగా ఉన్నచోట ఎలా అనిపిస్తుంది, గుల్లయిన చోట ఎలా అనిపిస్తుంది, వేళ్ళకు తెలియాలి తప్ప నోటితో చెప్పేది కాదు అది. ఆ చెయ్యి ఎప్పుడు తీసేశానో నాకు గుర్తు లేదు. నాకు నేర్పిన మా పెద్ద సార్ మాత్రం ఎవరి చేతి మీదనుంచీ చెయ్యి తీసేవారు కాదు. ఆయన చేతులకు నేను ఇప్పటికీ దండం పెడతాను, అలాంటి చేతులు మళ్ళీ చూడలేదు, కానీ సంఘానికి అధ్యక్షుడయ్యాక ఊళ్ళు తిరుగుతూ ఎయిర్‌పోర్టుల నుంచి థియేటర్‌కు ఫోన్ చేసేవారు, నర్సు ఆ ఫోను మా చెవి దగ్గర పట్టుకోవాలి, ఎన్నో ఎముక, ఎంత లోతు, రక్తమెంత పోయింది, నేనొచ్చేదాకా ఆగు. ఒకసారి నేను స్క్రూ మధ్యలో ఉండగా ఫోనొచ్చింది, పెట్టేయమ్మా అన్నాను నర్సుతో. నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత కుర్ర సర్జన్లకు శిక్షణ ఇచ్చే కమిటీలో నా పేరు రాసి పంపారు, ఎందుకు రాశారో అడిగే ధైర్యం నాకూ లేకపోయింది, చెప్పే అలవాటు ఆయనకూ లేకపోయింది. అప్పట్నుంచి వల్సాడ్ అనీ భుజ్ అనీ ఊళ్ళు తిరిగి మేక వెన్నుపూసల మీద కుర్రవాళ్ళచేత స్క్రూలు బిగింపించాను, సాయంత్రానికి బట్టలన్నీ మేక వాసన, అధ్యక్ష పదవికి దారి అటునుంచే వెళుతుందని ఎవరూ చెప్పలేదు. ఆదివారం చదవాల్సిన ఉపన్యాసం సగం రాసి వదిలేశాను. ఎప్పుడు చెయ్యి తియ్యాలి అని మొదలుపెట్టి, తర్వాత వాక్యం రాక, టీ పెట్టుకున్నాను.

నిన్న నీరజ అన్న మంచం పక్కన స్టూలు లాక్కుని, మొహంలో మొహం పెట్టి చెప్పింది. మధ్యలో మిషన్ మీద కాళ్ళ నరాల సిగ్నల్ తగ్గితే మిమ్ములను జర లేపుతం పెదనాయనా, నొప్పి తెల్వది, మేం చెప్పినప్పుడు చెయ్యి పిసుకాలె, కాళ్ళు ఆడించాలె. అన్న దాని మొహం వైపే చూస్తూ, ఆడిస్త బిడ్డా, ఎగురుమంటె ఎగురుత అన్నాడు. వదినె నవ్వింది. నేను తలుపు దగ్గర నిలబడి, చక్కగా చెప్పింది, నేనైతే ఇంత ఓపిగ్గా చెప్పను అనుకున్నాను.

నర్సు హేతల్‌బెన్ లోపలినుంచి వచ్చింది, నన్ను చూడకుండా వెళ్ళింది, రక్తం సంచుల కోసం కాదు, తిరిగొస్తే చేతిలో ఏమీ లేదు, మళ్ళీ లోపలికి వెళ్ళింది. నన్ను చూడకపోవడం ఏమిటి. ఈ ఆస్పత్రిలో నన్ను చూడకుండా వెళ్ళే నర్సు లేదు. మిషన్ చూసే టెక్నీషియన్ కూడా లోపలికి పోయాడు, టీకి వెళ్ళినవాణ్ణి పిలిచారన్నమాట, టీ మధ్యలో పిలిచారంటే సిగ్నల్ తగ్గింది. తగ్గితే బీపీ పెంచాలి, పెంచే ఉంటుంది, స్క్రూలను కలిపే రాడ్ వదులు చెయ్యాలి, చేసే ఉంటుంది, చేసిందా, ఎడమవైపు పై స్క్రూ లోపలి గోడకు తగిలిందేమో, ఆ ఎముక సన్నం, స్కానులో నేను చూశాను, చెప్పానా, చెప్పాను, రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పబోతే నీరజ తల ఊపింది. లేచాను. నా కాళ్ళు లేచాయనాలి. ఎర్రగీత మీద బొటనవేలు ఉంది, చెయ్యి తలుపు మీద ఉంది. చేతులు కడుక్కుని లోపలికి పోవడానికి ఎంతసేపు, ఎవరడుగుతారు, రూలు రాసింది నేను, చెరిపేదీ నేనే అవుతాను ఆదివారం నుంచి. పెద్ద సార్ ఎయిర్‌పోర్టుల్లో ఎలా నిలబడేవారో ఇప్పుడు తెలుస్తోంది. ఆయనకు మామీద నమ్మకం లేక కాదు, బయట నిలబడటం చేతకాక. సార్, నేను ఫోను పెట్టేయించినందుకు సారీ చెప్పను, కానీ మీ చెయ్యి ఎంత దురదపెట్టిందో నాకిప్పుడు అర్థమైంది.

"ఏమైంది అనూ?" వదినె వెనకనుంచి.

"ఏం గాలే వదినె."

నా గొంతు లేచింది, ఇంట్లో మాట్లాడినట్టు, కారిడారంతా వినిపించేలా. వదినె ఇంటినుంచి తెచ్చిన టిఫిన్ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

తలుపు పక్కనున్న గోడ ఫోన్ మోగింది. హేతల్‌బెన్ తలుపు సందులోంచి తల పెట్టి, "మేడమ్, ఆప్ కే లియే," అని ఫోను నాకేనని చెప్పింది, ఈసారి నావైపు చూసింది. మంచి వార్త చెప్పడానికి మధ్యలో ఎవరూ ఫోన్ చెయ్యరు. తీశాను. లోపల స్పీకర్లో పెట్టారు, మిషన్ల చప్పుడు, ఆ వెనక నీరజ గొంతు, నేను నేర్పిన మెల్లని గొంతు.

"మేడమ్, ఎడమకాలు సిగ్నల్ పోయింది. బీపీ పెంచినం, రాడ్ వదులు చేసినం, కొంచెం వచ్చింది, పూర తిరిగి రాలే. మత్తు తగ్గించి లేపుతున్నం. చాలాసేపాయె. చెయ్యి పిసుకుమంటె పిసుకుతలేడు."

ఏ స్క్రూ, బీపీ ఎంత, ఎంతసేపైంది, ఎక్సరే తీశావా, ఆగు నేనొస్తున్నా, పెద్ద సార్ మాటలన్నీ ఒకదాని మీద ఒకటి నా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. పళ్ళు బిగించాను.

"మత్తు డాక్టరేమో మత్తింక దిగలేదంటున్నడు. మరల మత్తిచ్చి, తీసేద్దామా స్క్రూలన్ని అని అడుగుతున్నడు. తీస్తే ఎముక నిలవది. మేడమ్, ఒక మాట అడుగుత. పెదనాయనకు చెవులు మంచిగ వినవడ్తయా?"

వినపడతాయి అనబోయాను. మొన్న మత్తు డాక్టరు నన్నే అడిగాడు, గుండె, షుగరు, చూపు, వినికిడి, అన్న పక్కన నేను కూర్చుని, అంతా బాగే అని నేనే చెప్పాను, డాక్టరు చెల్లెలు చెప్తోంది కదా అని ఆయన కూడా మళ్ళీ చూడలేదు. వినపడతాయి. ఇంట్లో అరుస్తాం కాబట్టి వినపడతాయి. మొహం చూస్తాడు కాబట్టి వినపడతాయి. నిన్న నీరజ మొహంలో మొహం పెట్టింది. ఇప్పుడు ఆయన మొహం కిందికి ఉంది, పెదాలన్నీ మాస్కుల వెనక ఉన్నాయి, మెల్లని గొంతులతో, నేను నేర్పిన మర్యాదైన గొంతులతో, ముప్పయ్యేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషిని పిలుస్తున్నారు. మా ఇంట్లో దాన్ని చెవుడు అని ఎవరూ అనలేదు, అందరికీ ఉన్నదానికి పేరెందుకు. చెయ్యి కూడా పిసకలేదు. దెబ్బ తగిలింది ఛాతీ దగ్గరైతే చేతులకేం, వాటి నరాలు అంతకు పైనే, మెడలోంచే పోతాయి. ఆయనకు వినపడలేదంతే, ఆయన కాళ్ళను ఇంకా ఎవరూ అడగనే లేదు.

"వినవడవు నీరజా. తప్పు నాదే, నేనే తప్పు చెప్పిన. నీకెట్ల తోచింది?"

"మా నాయన గూడ షెడ్డుల చేసిండు గదా మేడమ్. నిన్న పెదనాయన జూసినట్టే ఆయన గూడ నా నోరే చూస్తడు. ఇంట్ల పెదనాయనను ఎట్ల లేపుతరు?"

ఎట్ల లేపుతరు. ఇంతమంది సర్జన్లను తయారు చేశామనుకుంటాం, ఈ ప్రశ్న అడగమని ఏ కమిటీలోనూ ఎవరికీ నేర్పలేదు. "పిలవకు. అరచేతిల రెండుసార్లు తట్టు, గట్టిగ, వీపు తట్టినట్టు. ఆగు. తర్వాత ఒక్కొక్క పాదం మీద రెండుసార్లు. ఆగు. అంతే."

ఫోను పెట్టెయ్యలేదు నీరజ. మిషన్ చప్పుడు వినిపిస్తోంది, అది అన్న గుండె, నిదానంగానే ఉంది. వదినె నా పక్కకొచ్చి నిలబడింది, ఎర్రగీత ఆమె చెప్పుల కింద ఉంది, ఆమెకు ఆ గీత సంగతి తెలియదు. చూపు తిప్పుకుంటే కిటికీలో టెంపోలు అలాగే పోతున్నాయి, ఎండ గోడ మీదికి ఎక్కింది. షెడ్డులో ఏ తట్టుకూ తిరక్కుండా అన్న పోగు ముడేస్తున్నాడు, నేను డబ్బా పట్టుకుని వెనక నిలబడ్డాను, తట్టాను, చూడన్నా, ఇటు చూడు.

"చెయ్యి పిసికిండు మేడమ్." నీరజ గొంతులో మెల్లదనం పోయింది. "కుడి పాదం ఆడుతుంది. మంచిగ."

ఎడమది. చెప్పు జారిన కాలు. నేనడగలేదు, అడగకూడదనుకున్నాను, అడిగితే దాని చేతి మీద నా చెయ్యి పెట్టినట్టే.

"ఎడమది..." అని ఆగింది. వదినె చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. "ఎడమది గూడ ఆడించిండు. కానీ మేడమ్, నేను రెండుసార్లే తట్టిన, ఆయన ప్రతిసారి మూడుసార్లు జేస్తున్నడు. చెయ్యి మూడు, కుడికాలు మూడు, ఎడమకాలు మూడు. గిదేమన్న నరాల అదురా? మరల చూడాల్నా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వో ఏడుపో, ముక్కు తుడుచుకోవాల్సి వచ్చింది, స్పీకర్లో లోపలివాళ్ళందరికీ వినిపించే ఉంటుంది, అధ్యక్షురాలు ముక్కు చీదడం. నరాల అదురుకు లెక్క తెలియదు. మూడు లెక్కపెట్టాలంటే తల నుంచి బొటనవేలి దాకా దారంతా ఉండాలి, ఒక్క పోగు కూడా తెగకుండా.

"వద్దు. మరల అడిగితే తిడతడు," అన్నాను. "పండుకోవెట్టి, నీ పని నువ్వు చూసుకో నీరజా."

"స్క్రూలు గట్లనే ఉంచాల్నా, మార్చాల్నా మేడమ్?"

"నీకెట్ల మంచిదనిపిస్తే గట్ల."

సరే మేడమ్ అంది, ఫోను పెట్టేసింది, తనే పెట్టేసింది. రూలులో ఇంకో వాక్యం చేర్చాలి, రక్తసంబంధీకులు రోగి సంగతులు కూడా చెప్పరాదు, ఎందుకంటే వాళ్ళకు అన్నీ తెలుసు. ఉపన్యాసం సంగతి ఆదివారం చూసుకుందాం. కాళ్ళలో ఇప్పుడు వణుకు మొదలైంది, ఎంత సుఖంగా ఉందో ఆ వణుకు, కాలు వెనక్కి తీసి గీతకు ఇవతల పెట్టాను, వదినెను కూడా లాగాను.

"ఏమన్నడు?" అంది వదినె, ఫోనులో మాట్లాడింది అన్నే అన్నట్టు.

ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి మూడుసార్లు తట్టాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆమెకు ఎన్ని మూడు తట్లు దక్కాయో నాకు తెలియదు, కళ్ళు మూసుకుంది, తెరిచింది, కొంగుతో ముందు నా మొహం తుడిచి తర్వాత తన మొహం తుడుచుకుంది.

"పొమ్మన్నడా? మరి పొమ్మంటె పోవాలె గదా," అని టిఫిన్ గిన్నె చంకలో పెట్టుకుంది. "నడువ్, కిందికి పోయి చా తాగొద్దాం."

నేను నడిచాను. లిఫ్టు వచ్చేదాకా థియేటర్ తలుపు వైపు తిరిగి చూడలేదు.